“మాటలు వస్తాయిలే” అని ఊరుకోవద్దు



బిడ్డకు రెండేళ్లు నిండినా మాటలు రాకపోతే మన ఇళ్లలో అంతగా కంగారుపడరు. “వాళ్ల మేనమామకీ ఆలస్యంగానే వచ్చాయి, మగపిల్లలకి అంతే!” అంటారు పెద్దవాళ్లు. కాని ఆ బిడ్డకు అసలు మన మాటే వినపడటం లేదేమో!

తల్లి కడుపులో ఉండగానే, ఆరేడు నెలలకల్లా బిడ్డ తల్లి గొంతు వింటుంది. పుట్టాక తొలి రెండు మూడేళ్లలో విన్న మాటలే భాషకు పునాది. ఆ కాలం దాటిపోతే లోటు పూడ్చటం చాలా కష్టం. అందుకే నెలలోగా పరీక్ష, మూడు నెలల్లోగా నిర్ధారణ, ఆరు నెలలకల్లా యంత్రం, శిక్షణ మొదలవాలంటారు డాక్టర్లు.

వినపడని బిడ్డ కూడా మొదట్లో ఉంగా ఉంగా అంటుంది. చప్పట్లు కొడితే చేతుల కదలిక చూసి తల తిప్పుతుంది. కాబట్టి పళ్లెం మోగించి చూసి నిశ్చింతగా ఉండకండి. చెవిలో మెత్తని చిన్న బిరడా పెట్టి చేసే ఓ.ఎ.ఇ. పరీక్షకు నొప్పి ఉండదు, కొద్ది నిమిషాలు చాలు. అనుమానముంటే ‘బెరా’ పరీక్షతో తేలుస్తారు. మేనరికపు దంపతుల పిల్లలకూ, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకూ, పుట్టగానే కామెర్లు ముదిరినవాళ్లకూ, గర్భంతో ఉండగా తల్లికి రుబెల్లా సోకినవాళ్లకూ ఈ పరీక్షలు తప్పక చేయించాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్యబృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని చూడాలి. అనుమానమున్నవాళ్లను డి.ఇ.ఐ.సి. అనే జిల్లా కేంద్రానికి పంపుతారు. అక్కడ డబ్బు తీసుకోరు.

చెవికి యంత్రం పెట్టించటంతో పని అయిపోదు. నీళ్లు పోస్తూ, అన్నం కలుపుతూ, వెలుతురులో మీ ముఖం బిడ్డకు కనబడేట్టు కూర్చుని, “ఇవి నీళ్లు, వెచ్చగా ఉన్నాయి” అని రోజంతా మాట్లాడుతూనే ఉండాలి. యంత్రంతో ఫలితం లేనివాళ్లలో కొందరికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది. సైగలభాష కూడా నిండైన భాషే, నామోషీ పడకండి.

నెల్లూరులో మన వాకిళ్లకు మైపాడు వైపునుంచి చేపల గంపతో వచ్చే అమ్మలున్నారు. రేడియో వినే తీరిక వాళ్లకెక్కడిది? బేరమాడేటప్పుడు, “నీ మనవడు పిలిస్తే పలుకుతున్నాడా?” అని ఒక్క మాట అడగండి. పలకటం లేదంటే పెద్దాసుపత్రిలో చెవి డాక్టరుకు చూపించమని చెప్పండి.