పెళ్లి క్యాసెట్ మీద క్రికెట్ మ్యాచ్: ఇంట్లో పాత వీడియో క్యాసెట్లకి లిస్ట్ రాద్దాం రండి

ఇవాళ నా టేబుల్ మీద ఉన్న ఈ నల్ల డబ్బా చూశారా? దీన్ని వీసీఆర్ అంటారు. కామెంట్లలో ఎవరో ఒకరు "బ్రో, అది సెట్ టాప్ బాక్సా?" అని అడుగుతారని నాకు తెలుసు, అందుకే ముందే చెప్పేస్తున్నా. గవర్నర్‌పేటలో ఒక రిపేర్ షాపులో సెకండ్ హ్యాండ్‌లో 3,500 పెట్టి తెచ్చా. కొత్తది కొందామంటే దొరకదు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునై కూడా 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు ఊళ్లలో మిగిలినవి ఎన్ని ఉన్నాయో అన్నే.

ఈ వీడియో ఎందుకంటే, 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బెజవాడ వాళ్లకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. ఒక పక్క ప్రకాశం బ్యారేజీకి మర్నాటికల్లా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, ఇంకో పక్క బుడమేరు సింగ్ నగర్ మీద పడింది. మా బాబాయి వాళ్లది సింగ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్. మనుషులు మేడ మీదకెక్కి బయటపడ్డారు. నీళ్లు దిగాక ఇంట్లో బురద ఎత్తుతుంటే మంచం కింద ట్రంకు పెట్టెలో తొమ్మిది క్యాసెట్లు దొరికాయి. అన్నీ బురదే. లేబుళ్లు నాని ఊడిపోయాయి.

ఆ సాయంత్రం హైదరాబాద్ నుంచి మా అత్త ఫోన్ చేసింది. అందరూ బాగున్నారా, తిన్నారా అని అడిగాక, కాస్త ఆగి, "ఒరేయ్, నా పెళ్లి క్యాసెట్ మీ ఇంట్లో ఉందా, తమ్ముడి దగ్గరుందా?" అంది. ఎవరికీ తెలీదు. నాన్న బాబాయి వైపు, బాబాయి నాన్న వైపు. నాకు అప్పుడు అనిపించింది, మన దగ్గర ఏం ఉందో రాసుకోలేదు కాబట్టి, అసలు ఏం పోయిందో కూడా మనకి తెలీదు. నేను నాలుగేళ్లు కంపెనీలో వేరే వాళ్ల డేటాబేస్‌లు చూసుకున్నా. మా ఇంట్లో మాత్రం ఒక పేజీ లిస్ట్ లేదు.

సరే, పటమటలో మా ఇల్లు రెండో ఫ్లోర్. అటక మీద నుంచి రెండు రైస్ బస్తాలు దించాం. ఇరవై రెండు క్యాసెట్లు. లేబుళ్లు ఎలా ఉన్నాయంటే, "పెళ్లి-2". ఎవరి పెళ్లి? పెళ్లి-1 ఏది? ఇంకోటి "చెరపొద్దు!!" అంతే. ఎప్పుడో వీడియో లైబ్రరీ నుంచి అద్దెకు తెచ్చి తిరిగివ్వని సినిమా క్యాసెట్లు మూడు. దాని ఫైన్ ఇప్పుడు లెక్కేస్తే మా ఇల్లు రాసివ్వాలేమో.

ఇప్పుడు పని గురించి. అందరూ చేసే తప్పేంటంటే, క్యాసెట్ దొరకగానే వీసీఆర్‌లో పెట్టేస్తారు. వద్దు. ముందు నంబర్ వేయండి. 001, 002, 003, ఇలా మూడంకెలు. మామూలుగా 1, 2, 3 అని వేస్తే కొన్ని టీవీల్లో, యాప్స్‌లో 1 తర్వాత 10, 11 వచ్చి, ఆ తర్వాత 2 వస్తుంది. నంబర్ అట్ట డబ్బా మీద ఒక్కటే కాదు, క్యాసెట్ ఒంటి మీద కూడా ఉండాలి. ఇరవై ఏళ్లలో ఏ క్యాసెట్ ఏ డబ్బాలోకి దూరిందో దేవుడికే తెలియాలి. మాకు ఆరు తారుమారయ్యాయి. స్టిక్కర్ అయితే లేబుల్ కోసం ఇచ్చిన పల్లపు జాగాలోనే అంటించండి, అంచు లేస్తే వీసీఆర్‌లో ఇరుక్కుంటుంది.

క్యాసెట్‌లో ఏముందో దాన్నిబట్టి పేరు పెట్టొచ్చు కదా అంటారేమో. ఏముందని మనం అనుకున్నది రేపు తప్పని తేలొచ్చు. నంబర్ మారదు.

నంబర్ వేశాక ప్రతి దానికీ ఫోన్‌తో ఫొటో తీసి, గూగుల్ షీట్ ఓపెన్ చేయండి. కాలమ్స్ ఎక్కువ పెట్టకండి, బోర్ కొట్టి వదిలేస్తారు. నంబర్, లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు, అసలు అందులో ఏముంది, తేదీ, ఆ తేదీ ఎలా తెలిసింది, క్యాసెట్ ఎలా ఉంది, ఎవరింట్లో ఉంది. ఇవి చాలు. లేబుల్ మీద స్పెల్లింగ్ తప్పున్నా దిద్దకుండా అలాగే రాయండి, ఆ చేతిరాత ఎవరిదో తర్వాత పనికొస్తుంది. తేదీలో సంవత్సరం ముందు, నెల తర్వాత. ఎక్సెల్ వాడే వాళ్లు ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోండి, లేకపోతే 1993-05 అని కొడితే అది తెలివిగా మే-93 చేసేస్తుంది.

క్యాసెట్ ఎలా ఉందో చూడాలంటే ఫోన్ టార్చ్ వేసి పైన అద్దం కిటికీలోంచి చూడండి. రీల్ అంచుల మీద తెల్లగా పొడిలా, సాలెగూడులా కనిపిస్తే అది బూజు. మన డెల్టాలో గాలిలో తేమ ఎంతుంటుందో మీకు తెలుసు, అప్పడాలే ఒక రోజు ఆగవు. బూజు పట్టింది వీసీఆర్‌లో పెడితే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కి కూడా పాకుతుంది. మాకు రెండు అలా వచ్చాయి, వేరే కవర్లో పెట్టా. బురదలో నానినవి అయితే అసలు పెట్టకండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయర్ కొట్టడం కూడా వద్దు. వాటిని విప్పి శుభ్రం చేసే వాళ్లకే ఇవ్వాలి.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం నిజానికి ఈజీ. వీసీఆర్ వెనక పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు, అవి యూఎస్‌బీ క్యాప్చర్ కార్డ్‌లోకి, అది లాప్‌టాప్‌లోకి. సాఫ్ట్‌వేర్ ఓబీఎస్, ఫ్రీ. సెట్టింగ్స్‌లో పాల్ అని పెట్టండి, 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు. నేను మొదటిసారి అది చూసుకోలేదు. అమెరికా వాళ్ల ఎన్‌టీఎస్‌సీ మీద ఉండిపోయింది. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో, లిఫ్ట్‌లాగా పైకి దొర్లుతూ వచ్చింది. క్యాసెట్ పోయిందనుకుని అరగంట ఏడుపు మొహం పెట్టా. ఇంకోటి, ముందు పనికిరాని సినిమా క్యాసెట్ పెట్టి టెస్ట్ చేయండి. ముసలి వీసీఆర్ రీల్ నమిలేస్తే సినిమానే నమలాలి గానీ పెళ్లిని కాదు.

ఫాస్ట్ ఫార్వర్డ్‌లో కాపీ అవ్వదు, మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలు పడుతుంది. నేను పెట్టిన సెట్టింగ్‌లో గంటకి దాదాపు రెండున్నర జీబీ వచ్చింది, మాకు మొత్తం యాభై గంటలు, అంటే 125 జీబీ లోపే. ఒక కాపీ మా ఇంట్లో, ఇంకోటి హైదరాబాద్‌లో అత్త దగ్గర. రెండూ బెజవాడలోనే పెడితే మళ్లీ వరద కథే. కట్ చేయడం, ఎడిట్ చేయడం ఇప్పుడు వద్దు. మొత్తం ఫైల్ అలాగే ఉంచి, షీట్‌లో టైమ్ రాసుకోండి, 12వ నిమిషం తలంబ్రాలు, 40 భోజనాలు, అలా.

ఇప్పుడు అసలు కథ. 014. లేబుల్ మీద "ఇండియా-పాక్ 96" అని నాన్న చేతిరాత. 1996 మార్చి 9, బెంగళూరులో వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, ఆఖర్లో జడేజా వకార్‌ని ఉతికిన మ్యాచ్. మ్యాచే కదా, యూట్యూబ్‌లో దొరుకుతుంది, పక్కన పడేద్దాం అనుకున్నా. ఎందుకో క్యాసెట్ వెన్ను వైపు చూశా. అక్కడ చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అది విరగ్గొడితే ఇక దాని మీద రికార్డ్ అవ్వదు. ఆ రోజుల్లో పెళ్లి వీడియో తీసే వాళ్లు విరగ్గొట్టి ఇచ్చేవాళ్లు. దీనికీ విరగ్గొట్టి ఉంది. ఆ కన్నం మీద సెల్లో టేప్ అంటించి ఉంది. అంటే ఎవరో కావాలని దాని మీద రికార్డ్ చేశారు.

పెట్టా. గంటన్నర మ్యాచ్. తర్వాత ఒక్కసారిగా గీతలు, గర్‌ర్ మని సౌండ్, ఆ వెంటనే హాలోజన్ లైట్ వెలుగులో తలంబ్రాలు పోస్తున్న మా అత్త. జీలకర్ర బెల్లం లేదు, మాంగల్య ధారణ లేదు. వాటి మీద వెంకటేశ్ ప్రసాద్ బౌలింగ్ వేస్తున్నాడు. నాన్న వైపు చూశా. నాన్న పేపర్ చదువుతున్నాడు, అదీ తలకిందులుగా పట్టుకుని అన్నా నమ్మేయండి. అత్తా, ఈ వీడియో చూస్తే ప్లీజ్ నాన్నని ఏమీ అనకు.

పెళ్లి తేదీ ఎలా తెలిసిందంటే, నాయనమ్మ పెట్టెలో సగం చిరిగిన శుభలేఖ ఉంది. ఇంగ్లిష్ తేదీ ఉన్న ముక్క పోయింది, "శ్రీముఖ నామ సంవత్సర వైశాఖ" దాకా మిగిలింది. శ్రీముఖ అంటే 1993 ఉగాది నుంచి 94 ఉగాది దాకా, వైశాఖం అంటే ఏప్రిల్-మే. ఇలాంటి క్లూలు చాలా ఉంటాయి. పుష్కర స్నానాల క్యాసెట్ దొరికితే మన కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016, ఆ మూడింట్లో ఏదో మనుషుల వయసు చూస్తే తేలిపోతుంది. స్క్రీన్ మూల కెమెరా వేసిన తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. మా దాంట్లో ఒకటి, పిల్లాడి అన్నప్రాసన జరిగిన తేదీ, వాడు పుట్టక ముందు చూపిస్తోంది.

తేదీలు ఇలా పట్టుకోవచ్చు. మనుషుల్ని పట్టుకోలేం. 014లో భోజనాల బంతి పదకొండు నిమిషాలు ఉంది, యాభై మంది పైన ఉంటారు. నాన్నకి పదిహేను మంది తెలుసు. అందుకే లాప్‌టాప్ పట్టుకుని ఉయ్యూరు, పామర్రు మీదుగా చల్లపల్లి పక్కన మా ఊరికి వెళ్లా. నాయనమ్మకి ఎనభై ఒకటి. టైప్ చేద్దామని కూర్చున్నా, ఆవిడ స్పీడ్‌కి నా వల్ల కాలేదు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టేశా. మీరూ అలాగే చేయండి, పేర్లు తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు, ఆ గొంతు మళ్లీ రాదు.

"ఆ పచ్చ చొక్కా మా పాలేరు కొడుకు, వాడే ఆ రోజు నీళ్లు మోశాడు. ఈవిడ అలిగి భోజనానికి రానంది, మీ తాతయ్య వెళ్లి బతిమాలి తెచ్చాడు." అలా గంటన్నర. అప్పగింతల దగ్గర వెనకాల స్తంభం పక్కన ఒకాయన కండువా మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నేను ఎవరో అనుకున్నా. నాయనమ్మ "మీ తాత" అంది. "లోపలికెళ్లి ఏడవమంటే ఇక్కడ నిలబడ్డాడు చూడు." తాతయ్య కదులుతూ కనిపించే వీడియో మాకు ఇంకోటి లేదు. ఆ టైమ్ షీట్‌లో రాసుకున్నా, గంటా యాభై రెండు నిమిషాలు.

ఆస్ట్రేలియాలో జాతీయ సినిమా, సౌండ్ ఆర్కైవ్ వాళ్లు 2015లోనే చెప్పారు, 2025 లోపు కంప్యూటర్‌లోకి ఎక్కించని టేపులు చాలావరకు పోయినట్టేనని. గడువు దాటింది కదా అని వదిలేయకండి, మావి ఇరవై రెండులో పద్దెనిమిది ఆడాయి. ముందు పెద్దవాళ్లు గుర్తుపట్టాల్సినవి ఎక్కించండి. సినిమాలు, మ్యాచ్‌లు ఆఖర్న.

బాబాయి తొమ్మిదికీ కూడా నంబర్లు వేశా, 023 నుంచి 031. నీడలో ఆరబెట్టి, విడివిడిగా పెట్టాం. ఒక్కటీ ఆడించలేదు. అందులో 026 నల్లగా కాక తెల్ల రంగు క్యాసెట్, అచ్చం మా 014 లాగా. అప్పట్లో వీడియో వాళ్లు రెండు కాపీలు ఇచ్చారని నాయనమ్మ అంటోంది. షీట్‌లో దాని ఎదురుగా "బహుశా అత్త పెళ్లి, రెండో కాపీ" అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టా. దాన్ని విప్పి కడిగే మనిషి ఒకాయన దొరికాడు, వచ్చే వారం ఇస్తున్నా. ఏమైందో వీడియో పెడతా. మీ ఇంట్లో లేబుల్ మీద వింతగా ఏం రాసుందో కామెంట్‌లో చెప్పండి. ఉంటానండి, బై.