ఎండలో కర్ర పట్టేది మనం, అద్దంలో చూసేది వాళ్ళా?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల వాడల నుంచి పోయి ఇంజనీరింగు చదివినవాళ్ళం కలిసి రాసుకొని, వాడల్లో జరిగిన కూటాల్లో చదివిన ప్రసంగ పాఠం)

 

మీరు మమ్మల్ని "ఇంజనీరు పిల్లలు" అని పిలుస్తరు. మాలో కొందరికి పట్టా వచ్చింది, కొందరికి రాలేదు. రానివాళ్ళకు ఎందుకు రాలేదో మీకు ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. "పోరడు సరిగ్గ సదవలేదు" అని మీరు అనుకున్నరు. మేము తల వంచుకొని ఊరుకున్నం. ఆ ముడి విప్పుదామనే ఈ రోజు మీ ముందుకు వచ్చినం.

ముందు ఒక లెక్క చూడండి. 1929లో హైదరాబాదులో ఉస్మానియా ఇంజనీరింగు కాలేజీ పెట్టిననాడు మన నల్లగొండ పల్లెల్లో మన తాతముత్తాతలు దొరల గడీల్లో వెట్టి చేస్తున్నరు. 1959లో వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కాలేజీ తెరిచిననాడు నాగార్జునసాగర్ డ్యాం కడుతున్నరు. అది సిమెంటు దిమ్మెలు పోసిన డ్యాం కాదు, రాయి మీద రాయి పేర్చిన డ్యాం. ఆ రాళ్ళు మోసిన తలల్లో మన అవ్వల తలలు, తాతల తలలు ఎన్నో ఉన్నయి. 1967లో కాలువలకు నీళ్ళు వదిలిండ్రు. ఎడమ కాలువ మిర్యాలగూడ మీదుగా, హుజూర్‌నగర్, కోదాడ దిక్కు పారింది. నీళ్ళు భూములున్నోళ్ళ పొలాలకు పారినయి. రాళ్ళు మోసినోళ్ళు నాట్లేసే కూలీలయ్యిండ్రు. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ వచ్చింది. డ్యాం కట్టినోళ్ళ పిల్లలు డ్యాం ఎట్ల కడతరో చదివే గది దాకా రావడానికి ఇంకా ఎన్ని ఏండ్లు పట్టిందో మీకే ఎరుక.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు పెద్ద ఎత్తున వచ్చింది. రెండు మూడేండ్లలో రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందల దాకా పెరిగినయి. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ రోడ్ల పక్కన వరి పొలాల నడుమ కాలేజీ బోర్డులు లేచినయి. మేము ఆ తర్వాత చేరినవాళ్ళం. కొందరం ఇక్కడి ప్రైవేటు కాలేజీల్లో, కొందరం పట్నంలో యూనివర్సిటీ కాలేజీలో చేరినం. ఇప్పుడు చెప్పేది యూనివర్సిటీ కాలేజీ ముచ్చట. కాలేజీ పేరు, సారు పేరు చెప్పం. భయపడి కాదు. పేరు చెబితే "ఆ ఒక్కడే చెడ్డోడు" అని మిగతావాళ్ళు చేతులు కడుక్కుంటరు.

ఆయన పెద్ద పేరున్న ప్రొఫెసరు. ఆయన చదువు మీద మాకు అనుమానం లేదు. మేము మాట్లాడేది ఆయన బోధన గురించి.

మొదటి రోజు తరగతిలో అందరినీ ఒక్కొక్కరిగా నిలబెట్టి ఎంసెట్ ర్యాంకు అడిగిండు. వందల్లో చెప్పినోళ్ళను "గుడ్" అన్నడు. వేలల్లో చెప్పినోళ్ళను చూసి ఏమీ అనలేదు, నవ్విండు. ఊళ్ళో "ఏ వాడ మీది?" అని అడుగుతరు. అక్కడ "నీ ర్యాంకెంత?" అని అడుగుతరు. రెండు ప్రశ్నలకూ అర్థం ఒక్కటే. అరవై మంది తరగతిలో 15 శాతం లెక్కన మేము తొమ్మిది మందిమి. ఆ గంట అయిపోయేసరికి ఎవరు ఎవరో అందరికీ తెలిసిపోయింది. మరునాటి నుంచి మమ్మల్ని ఎవరూ వెనక బెంచీల్లో కూర్చోమనలేదు. మేమే పోయి కూర్చున్నం.

ఆయన చెప్పేది నీటి శాస్త్రం. నీళ్ళు ఎట్ల పారతయి, తూములోంచి ఎంత ధార వస్తది, కాలువకు ఎంత వాలు ఉండాలె అన్నవే పాఠాలు. చెర్ల కింద, కాలువ కింద పుట్టి పెరిగిన మాకు ఇంతకన్న దగ్గరి చదువు ఏముంటది? కాని సారు బోర్డు దిక్కు తిరిగి, మా దిక్కు వీపు పెట్టి, ఇంగ్లీషులో గడగడ చదువుకుంటూ బోర్డు నిండా సూత్రం రాసేవాడు. గంట అయ్యేముందు "డౌట్స్?" అని ముందు బెంచీని అడిగేవాడు. ఒకనాడు కోదాడ దిక్కు మా దోస్తు లేచి తెలుగులో అడిగిండు: "సార్, ఈ గుర్తు ఎక్కడి నుంచి వచ్చింది?" సారు సుద్దముక్క కింద పెట్టి, "ముందు ఇంగ్లీషు నేర్చుకొని రా, తర్వాత హైడ్రాలిక్స్ నేర్చుకుందువు" అన్నడు. క్లాసు క్లాసంతా నవ్వింది. ఆనాటి నుంచి మా తొమ్మిది మందిలో ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.

సర్వే ప్రాక్టికల్ గురించి చెప్పాలె. భూమి ఎత్తుపల్లాలు కొలిచేది లెవెల్ యంత్రం. ఒకరు మూడు కాళ్ళ స్టాండు మీది యంత్రంలో అద్దంలోంచి చూడాలె. ఇంకొకరు దూరంగా అంకెలున్న పొడుగు కర్ర నిలబెట్టి పట్టుకోవాలె. మూడో మనిషి లెక్క రాసుకోవాలె. నేర్చుకునేది అద్దంలో చూసినోడు, లెక్క రాసినోడు. కర్ర పట్టినోడు నేర్చుకునేది ఏమీ లేదు, ఎండలో నిలబడుడే. ఆ సెమిస్టరంతా కర్ర పట్టింది ఎవరో మేము చెప్పాల్నా? ఎవరూ కులం పేరు పెట్టి పిలువలేదు. "నువ్వు అటు పో" అన్నరు, అంతే. పరీక్షనాడు మాత్రం "యంత్రం సెట్ చెయ్" అన్నరు. చేతులు వణికినయి. "రిజర్వేషనోళ్ళకు ప్రాక్టికల్ నాలెడ్జి ఉండదు" అని బయటినుంచి వచ్చిన ఎగ్జామినరుతో సారే అన్నడు. మేము విన్నం.

ఆ రోజుల్లో పేపరుకు వంద మార్కులైతే 25 కాలేజీ చేతిలో, 75 పెద్ద పరీక్షలో ఉండేవి. చేతిలో ఉన్న 25లో మాకు పడేది ఎంతో, ముందు బెంచీకి పడేది ఎంతో మేము పక్కపక్కన పెట్టి చూసుకున్నం. ఆ పేపరులో తొమ్మిది మందిలో ఏడుగురం తప్పినం.

ఇట్లనే నడిస్తే మేము కూడా "మా బుర్రకు ఎక్కదు" అనే అనుకునేవాళ్ళం. కాని రెండో సెమిస్టరులో సారు ఒక నెల సెలవు మీద పోయిండు. ఆ నెలకు కాంట్రాక్టు మీద పనిచేసే చిన్న వయసు సారు వచ్చిండు. ఆయన మన కులపోడు కాదు. ఆ మాట దాచొద్దు.

ఆయన వచ్చి ర్యాంకు అడగలేదు. "మీ ఊళ్ళో చెరువు ఉందా? తూము ఎవరు తీస్తరు?" అని తెలుగులో అడిగిండు. ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి సూర్యాపేట దిక్కు మా తమ్ముడు లేచి, "మా తాత నీరటి, సార్" అన్నడు. మేము భయపడ్డం. నీరటి అన్నంక కులం చెప్పినట్టే గదా. సారు సుద్దముక్క వాని చేతికిచ్చి, "మీ తాత ఏం చేస్తడో బోర్డు మీద గీసి చెప్పు" అన్నడు. వాడు చెరువు గీసిండు, కట్ట గీసిండు, అలుగు గీసిండు, తూము గీసిండు. "చెరువు నిండుగ ఉన్ననాడు తూము కొంచెమే తీస్తడు సార్. నీళ్ళు తగ్గినకొద్దీ ఎక్కువ తీస్తడు. లేకుంటే చివరి మడికి నీళ్ళు అందవు" అన్నడు.

"ఎందుకు?" అన్నడు సారు.

"పైన నీళ్ళు ఎక్కువుంటే ధార జోరుగ వస్తది సార్."

"నీళ్ళు నాలుగింతలు లోతుంటే ధార నాలుగింతలు జోరుగ వస్తదా?"

వాడు ఆలోచించిండు. "అంత రాదు సార్" అన్నడు.

"అంత రాదు. రెండింతలే వస్తది" అని సారు వాని బొమ్మ పక్కన సూత్రం రాసిండు. మొన్న బోర్డు నిండా రాసిన సూత్రం అదే! ఒక్కొక్క గుర్తు దేనిదో వాని బొమ్మ మీదనే చూపిండు. తర్వాత తూముకు ఇంగ్లీషు మాట, అలుగుకు ఇంగ్లీషు మాట పక్కన రాసి, అందరితో రాయించిండు. ఆ రోజు ముందు బెంచీవాళ్ళు మా తమ్ముని బొమ్మను నోటుబుక్కుల్లో గీసుకున్నరు. చెరువు ఎట్ల నడుస్తదో వాళ్ళకు తెల్వదు. మనకు తెలుసు.

ఇంకో రోజు డప్పును మంట మీద ఎందుకు కాపుతరని అడిగిండు. చర్మంలో తేమ పోయి బిగుస్తది, బిగువు పెరిగితే మోత పెరుగుతదని మేమే చెప్పినం. సర్వే ప్రాక్టికల్లో రిజిస్టరు పెట్టిండు. ఈ రోజు కర్ర పట్టినోడు రేపు అద్దంలో చూడాలె. ముందు బెంచీ పిల్లలు కూడా ఎండలో నిలబడ్డరు. ఎవరి ప్రాణం పోలేదు.

ఒక్క నెలలోనే ఇంత జరిగింది. తప్పిన ఏడుగురిలో ఐదుగురం ఆ పేపరు మళ్ళీ రాసి గట్టెక్కినం. పెద్ద సారు తిరిగి వచ్చిండు, మళ్ళీ వీపు కనపడ్డది. మరుసటేడు చిన్న సారు కాంట్రాక్టు కొనసాగించలేదు.

అయ్యలారా, ఒక్క మంచి సారును చూపి "చూసిండ్రా, యూనివర్సిటీ మంచిదే" అంటే మేము ఒప్పుకోం. మంచితనం కాంట్రాక్టు మీద, చెడ్డతనం పర్మనెంటు మీద ఉంటే అది ఏం యూనివర్సిటీ? మిగిలిన ఇద్దరిలో ఒకడు రెండో ఏడు దాటలేదు, ఇంటికొచ్చిండు. ఇప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేస్తడు. అక్కడ ఎలివేటరు బెల్టు జారినా, మోటరు మొరాయించినా సరిచేసేది వాడే. జీతం హమాలీ జీతం. వానికి చదువు రాదా? వానికి చదువు చెప్పలేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది వాడు కాదు.

ఇది మా ఒక్క తరగతి కథ అనుకోవద్దు. ఢిల్లీ ఎయిమ్స్ మీద 2007లో థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక, దళిత, గిరిజన విద్యార్థులకు పాఠాల దగ్గర, పరీక్షల దగ్గర వివక్ష ఉందని చెప్పింది. 2012లో యు.జి.సి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల కేంద్రం ఉండాలని నియమాలు చేసింది. మేము చదివినన్నాళ్ళు అసొంటిది ఒకటి ఉంటదని మాకు చెప్పినోడే లేడు. 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మనకు దక్కకుండా పోయిండు. సీటు ఇచ్చినమని చెప్పేటోళ్ళు సీట్లో కూర్చున్న పిల్లగానికి ఏం జరుగుతుందో చెప్పరు. రిజర్వేషన్ గేటు దాటిస్తది. గేటు లోపల నిలబెట్టేది బోధన.

1918లో బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరుగా చేరిండు. సాటి ప్రొఫెసర్లు కొందరు తమ కుండలో నీళ్ళు ముట్టొద్దన్నరు. పిల్లలు మాత్రం వేరే కాలేజీల నుంచి కూడా వచ్చి ఆయన పాఠం విన్నరు. ప్రొఫెసర్లకు కనపడ్డది కులం, పిల్లలకు వినపడ్డది చదువు. ఆయన మనకిచ్చిన మూడు మాటల్లో మొట్టమొదటిది "బోధించు" అని మరువొద్దు.

భాష సంగతి కూడా తేల్చుకుందాం. 2021 నుంచి తెలుగులో ఇంజనీరింగు చెప్పొచ్చని ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతిచ్చింది. నిజాం కాలంలోనే ఉస్మానియా తర్జుమా ఖానా ఇంజనీరింగు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది. కాబట్టి శాస్త్రం ఇంగ్లీషులోనే పుట్టినట్టు మాట్లాడొద్దు. అట్లని మాకు ఇంగ్లీషు వద్దు అనట్లేదు. వాళ్ళ పిల్లలను కాన్వెంట్లకు పంపి, మన పిల్లలకు మాతృభాష మీద ప్రేమ నేర్పేటోళ్ళ మాట మేము నమ్మం. ఇంగ్లీషు కావాలె. ఇంగ్లీషు దాకా ఎక్కే మెట్లు కూడా కావాలె. చిన్న సారు వేసింది ఆ మెట్లే.

అందుకని మేము అడిగేవి ఇవి:

1. మొదటి ఏడు తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ప్రతి కాలేజీలో సాయంత్రం తరగతులు పెట్టాలె. పాఠం తెలుగులో, మాటలు రెండు భాషల్లో.

2. తరగతిలో ర్యాంకు అడగొద్దు. వైవాలో తండ్రి పని అడగొద్దు.

3. ప్రాక్టికల్లో ఎవరు ఏ పని చేసిండ్రో రిజిస్టరు ఉండాలె. వంతులు మారాలె.

4. ఇంటర్నల్ పేపర్లు దిద్దినాక పిల్లల చేతికిచ్చి చూపాలె.

5. యూనివర్సిటీల్లో ఏండ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న బోధన ఉద్యోగాలను రోస్టరు ప్రకారం నింపాలె. మన పిల్లలు బెంచీల మీదనే కాదు, బోర్డు దగ్గర కూడా ఉండాలె.

తల్లిదండ్రులకు ఒక మాట. మీరు కాలేజీకి ఫీజు బాకీ అడిగిననాడే పోతున్నరు. ఇకమీద పాఠం అడగడానికి కూడా పొండి. "మా పిల్లకు ఏం చెప్పిండ్రు? ఎందుకు తప్పింది?" అని అడగండి. ఒక్కరు పోతే గేటు దగ్గరే ఆపుతరు, పది మంది పొండి.

మాకు మేము చెప్పుకునే మాట కూడా ఉంది. ఆనాడు మా దోస్తును చూసి క్లాసు నవ్వినప్పుడు మేము ఎనిమిది మందిమి లేవలేదు. లేచి ఉంటే వాడు ఒంటరి కాకపోయేటోడు. ఆ తప్పు దిద్దుకుంటం. 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదు ఇసామియా బజారులో మన పిల్లలకు బడి పెట్టిననాడు ఆయన చేతిలో సర్కారు లేదు. మన చేతిలో ఈ రోజు కనీసం పట్టాలున్నయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఆదివారం ఆదివారం మేము కూర్చుంటం. లెక్కలు, డ్రాయింగు, నీటి శాస్త్రం చెప్తం. రైసుమిల్లు అన్న యంత్రాల పాఠం చెప్తనన్నడు. పట్టా లేకున్నా పాఠం ఆయనకు వచ్చు.

బోర్డు తెచ్చినం. సుద్దముక్కలు ఉన్నయి. మీ పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పంపండి. ఏ ప్రశ్న అడిగినా ఇక్కడ ఎవరూ నవ్వరు.

జై భీమ్!