ఓడలు ఢీకొనుటకు కారణమేమి?



2017వ సంవత్సరమున రెండుమాసముల వ్యవధిలో అమెరికా యుద్ధనౌకలు రెండు వాణిజ్యనౌకలతో ఢీకొనెను. జూన్ 17న జపాను తీరమున ఫిట్జెరాల్డ్ నౌకలో 7గురు, ఆగస్టు 21న సింగపూరు చేరువ జాన్ ఎస్. మెకెయిన్ నౌకలో 10 మంది నావికులు అసువులు బాసిరి. ఇంతటి సాధనసంపత్తి గల నౌకలకు ఈ దుర్గతి ఎట్లు పట్టెనని లోకము విస్తుపోయెను.

శత్రువులెవరో ఉపగ్రహ సంకేతములకు అడ్డు తగిలిరేమోయని కొందరు శంకించిరి. ఆ శంకకు ఆస్కారము లేకపోలేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జి.పి.ఎస్. ఉపగ్రహముల సంకేతము భూమిని చేరుసరికి మిక్కిలి క్షీణించును. దాపుననున్న చిన్న ప్రసారయంత్రము సైతము దానిని అణచగలదు. దొంగ సంకేతముతో తప్పు స్థానమును చూపగలదు. ఆ జూన్ నెలలోనే నల్లసముద్రమున కొన్ని ఓడల యంత్రములు, అవి నీటిపై నుండగనే, ఒడ్డునగల విమానాశ్రయమున నున్నట్లు చూపెను.

అయినను ఉపగ్రహము తెలుపునది మన ఉనికిని మాత్రమే. ఎదురు వచ్చు ఓడను కనిపెట్టవలసినవి కన్నులు, రాడారు. నౌకాదళ విచారణ నివేదికలు ఈ ప్రమాదములకు మానవ దోషములనే కారణముగా నెంచినవి. ఫిట్జెరాల్డ్ నౌకపై పహరా అధికారులు రాడారును సరిగా వినియోగింపలేదు. ఆపద ముంచుకొని వచ్చుచున్నను కెప్టెనును పిలువలేదు. హెచ్చరిక కూత వేయలేదు.

మెకెయిన్ కథ మరింత విచారకరము. చుక్కాని పట్టిన నావికుని భారము తగ్గింపనెంచి, వేగనియంత్రణమును వేరొకనికి అప్పగింపుడని కెప్టెను ఆజ్ఞాపించెను. తెరపై ఆ మార్పు చేయుటలో చుక్కాని అధికారము కూడ ఎవరును గమనింపకయే పక్కబల్లకు పోయెను. మొదటి నావికుడు చుక్కాని పనిచేయుట లేదనెను. వేగము తగ్గింపబోగా రెండు ప్రొపెల్లరులలో ఒకటియే నెమ్మదించెను. ఓడ ఎడమకు మళ్ళి ఆల్నిక్ అను ట్యాంకరునకు అడ్డుపోయెను. ఆ పహరాలో కొందరు వేరొక నౌకనుండి తాత్కాలికముగా వచ్చినవారు. ఈ యంత్రమున వారికి తగిన శిక్షణ లేకుండెను. తాకుడుతెరలకు బదులు చేతితో త్రిప్పు మీటలను మరల అమర్చవలెనని 2019లో నౌకాదళము నిశ్చయించెను.

కార్యాలయములలో చార్జి అప్పగింత పత్రముపై ఇరువురును సంతకము చేయుదురు. అది వట్టి లాంఛనమని విసుగుకొనువారు కలరు. కాని చుక్కాని ఎవరి చేతనున్నదో ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని తెలిసియుండుటయే దాని పరమార్థము. అది తెలియకపోవుటచేతనే ఆ వేకువజామున పదిండ్ల దీపములారిపోయెను.