కాగితం లేకుండా పంపొద్దు



మొదటి తరం డిగ్రీ చదివిన మేము నెల్లూరు కోర్టు మెట్లెక్కాలంటేనే వణికినోళ్లం. ఈ సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టిన మన చెల్లెలు ఇయ్యాల నల్లకోటు వేసుకొని, మొదటిసారి విదేశంలో న్యాయవాదుల సదస్సుకు పోతావుంది.

1930లో బారిస్టర్ అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో మన గోడు వినిపించారు. 2001లో దళితులు డర్బన్ సదస్సుకు పోతే, కులం మన దేశం లోపలి సంగతని భారత ప్రభుత్వం అడ్డం పడింది. ఇంటి సంగతే అయితే మనల్ని ఇంట్లోకి ఎందుకు రానియ్యరు? తుది ప్రకటనలో కులం ఊసే లేదు. అయినా మరుసటేడు, 2002లో, జాతి వివక్షపై ఐక్యరాజ్యసమితి కమిటీ పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులమూ ఉందని తేల్చింది. పోయినోళ్ల కష్టం వృథా కాలేదు.

అక్కడ అడిగేది రుజువు. దెబ్బలు తిని, రాజీపడి ఇంటికొస్తే మన చెల్లెలు ఏం చూపిస్తుంది? 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ జరిగింది. దాని 4వ సెక్షన్ ప్రకారం పోలీసులు మన ఫిర్యాదు రాసుకోవాలి, చదివి వినిపించాలి, నకలు వెంటనే ఇయ్యాలి. అడిగి తీసుకుందాం. ఆ కాగితాలే ఆమెకు బలం.

పోయి రా చెల్లెమ్మా! అక్కడ చెప్పింది ఈ వాడకొచ్చి మళ్లీ చెప్పాల. జై భీమ్!