ప్రక్క వీధిలోని అరబ్బీ చదువు

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవమున కామాఠిపురా చాళ్ల కుటుంబముల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్ము తెలుగును గూర్చి మాటలాడుమనిరి. మేము అరబ్బీని గూర్చి మాటలాడబోవుచున్నాము. వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు, నవ్వవచ్చును. మేము మెట్రిక్ వరకే చదివిన వర్తకులము, పండితులము కాము. అయినను వర్తకునకు ఒక అలవాటు కలదు. తన దుకాణము మూతపడి, ప్రక్క దుకాణము నడచుచున్నచో, దాని గడప యెక్కి చూడక మానడు.

మూతపడిన దుకాణమేదో మీకు తెలియును. రెండేండ్ల క్రిందట మనము ఈ గదిలోనే ఆదివారపు తెలుగు తరగతి ప్రారంభించితిమి. మొదటి వారము ముప్పది యొక్క మంది పిల్లలు వచ్చిరి. కొబ్బరికాయ కొట్టితిమి, మిఠాయి పంచితిమి, ఫొటో తీయించితిమి. దీపావళి నాటికి తొమ్మండుగురు మిగిలిరి. సంక్రాంతి దాటిన పిదప ఒక ఆదివారము పంతులమ్మగారు ఒంటరిగా కూర్చుండి, నల్లబల్ల తుడిచి, తాళము వేసి పోయినారు. పిల్లలదే తప్పని అప్పుడు అనుకొంటిమి. ఆమె జీతము రెండు పర్యాయములు ఆలస్యముగా చెల్లించినది మాత్రము కోశాధికారులమైన మేమే.

ఇక ప్రక్క దుకాణము మాట. మదన్‌పురాలో మేము నూలు అమ్ము వర్తకుడొకడు కలడు. ఒకనాటి సాయంకాలము బేరము సగములో నుండగా లేచి, “సేఠ్‌జీ, పిల్లవాని సబకు వేళయినది, కూర్చుండుడు, వచ్చెదను” అనెను. మేమును వెంట వెళ్లితిమి. మన ఈ గదికంటె పెద్దది కాదు ఆ గది. నేలపై చాపలు, చాపలపై పుస్తకములు నిలుపు కొయ్య రెహళ్లు, ఇరువది మంది బాలబాలికలు, ఒక హాఫిజ్ సాహెబు. దానిని మక్తబు అందురు. ఆ పిల్లలందరును పగలు మామూలు బడులకు పోవువారే. ఇచటికి దినమునకొక గంట, గంటన్నర వత్తురు.

ఇక్కడ ఒక పొరపాటు సవరింపవలసియున్నది. మహమ్మదీయుల పిల్లలందరును మద్రసాలోనే చదువుదురని మనలో పెక్కుమంది తలంపు. 2006 సంవత్సరపు సచార్ సంఘ నివేదిక ప్రకారము, బడి యీడు పిల్లలలో పూర్తికాలము మద్రసాకు పోవువారు నూటికి నలుగురే. మిగిలినవారిలో అరబ్బీ అక్షరము నేర్చినవారు మక్తబులోనో, ఇంటి వద్దనో నేర్చినవారు. అనగా మనము విచారింపవలసినది ఆ దినమున కొక గంట సంగతియే.

ఆ గంటలో జరుగునదేమి? మొదట ‘ఖాయిదా’ అను చిన్న పుస్తకము. మన పెద్దబాలశిక్ష తొలి పుటల వంటిది. అరబ్బీకి అక్షరములు ఇరువది యెనిమిది. ఒక్కొక్క అక్షరము మాట మొదట ఒక రూపున, నడుమ ఒక రూపున, చివర ఒక రూపున నుండును. హ్రస్వస్వరములకు అక్షరములు లేవు. పైనను క్రిందను గీయు జబరు, జేరు, పేషు అను గుర్తులే మన తలకట్టు, గుడి, కొమ్ముల పని చేయును. పిల్లవాడు ఒక్కొక్క అక్షరమునకు గుర్తుచేర్చి, కూడబలికి, ఆ పిమ్మట మాటగా పలుకును. ఖాయిదా ముగిసిన తరువాత ఖురాను ముప్పది భాగములలో చివరిదైన ముప్పదియవ దానితో ఆరంభింతురు. చిన్న సూరాలు అందులోనే యుండుట చేత.

తరగతి యంతయు ఒకే పాఠము చదువుట అక్కడ లేదు. ఒక్కొక్క పిల్లవాడు గురువు మోకాలి వద్దకు వచ్చి తన పాఠము తాను అప్పగించును. నిన్నటిది తప్పినచో నేడు క్రొత్తది లేదు. వారము కొక దినమున పాతపాఠములన్నియు తిరుగవేయవలెను. దానికి ఆమూఖ్తా అని పేరు. ఇది చూచినంతనే మా తాతగారు చెప్పు వీధిబడి జ్ఞప్తికి వచ్చెను. ఇసుకలో వ్రాయించుట, ఎక్కములు వల్లించుట, వరుసగా అప్పగించుట, ఇవన్నియు మనవే. మనము విడిచినవి ప్రక్క వీధిలో నిలిచియున్నవి.

ఉచ్చారణ యందు వారు చూపు శ్రద్ధ మరియొక యెత్తు. తజ్వీదు అను శాస్త్రము ప్రకారము ఏ యక్షరము కంఠమున పుట్టును, ఏది నాలుక కొసన పుట్టును అని గురువు నోరు తెరచి చూపును. మన చెవికి జకారము వలె తోచు అక్షరములు అరబ్బీలో అయిదు కలవు. తెలుగు లిపిలో వ్రాసినచో ఆ అయిదింటికి ‘జ’ ఒక్కటే దిక్కు. హృదయము అనుటకును కుక్క అనుటకును అరబ్బీలో భేదము తొలి అక్షరమున మాత్రమే, ఖాఫ్ కాఫ్‌ల భేదమే. ఇంట తెలుగే మాటలాడు మహమ్మదీయులు ఆంధ్ర తెలంగాణములలో పెక్కుమంది కలరు. వారిలో తెలుగు లిపిలో అచ్చయిన పాఠముతో ఆరంభించువారు కూడ, చివరకు మూల లిపియే నేర్వవలెనని పట్టుపట్టుటకు కారణమిదియే.

ఇంతవరకు మెచ్చుకొంటిమి. మెచ్చరానిదియు చెప్పవలెను. ఆ సాయంకాలము ఒక బాలిక ఒక పుట ధారాళముగా చదివెను. దానికి అర్థమేమని అడిగితిమి. ఆమె తండ్రి ముఖము చూచెను, తండ్రి హాఫిజ్ సాహెబు ముఖము చూచెను. ఆయన దాచక చెప్పెను: ఇది ‘నాజిరా’, అనగా చూచి చదువు మాత్రమే, అర్థము కావలెనన్న మద్రసాలో ఏండ్ల తరబడి చదువవలెను. వినుటకు ఖేదము కలిగినది. చదువుటే పుణ్యమని వారి విశ్వాసము. దానిని మేము ప్రశ్నింపము. మన ఇండ్లలో అర్థము తెలియకయే సంస్కృత మంత్రములు వినువారము మనమే గదా!

ఆ మద్రసా చదువునకు మూలము పదునెనిమిదవ శతాబ్దమున లక్నోలోని ఫిరంగీ మహలునకు చెందిన ముల్లా నిజాముద్దీను ఏర్పరచిన పాఠ్యక్రమము. ఆయన 1748లో గతించెను. ఆయన పేరిట దర్సె నిజామీ అను ఆ క్రమము మార్పులతో నేటికిని నడచుచున్నది. మొదట సర్ఫు, అనగా మాట రూపముల శాస్త్రము; పిదప నహ్వు, అనగా వాక్య శాస్త్రము. అరబ్బీ మాటలలో అధికభాగము మూడు హల్లుల ధాతువులనుండి పుట్టును. క, త, బ అను మూడింటి నుండి కితాబు, వ్రాయువాడైన కాతిబు, చదువుచోటైన మక్తబు వచ్చినవి.

మా వృత్తి మాటయే తీసుకొనుడు. మన ఖాతాలో వ్రాయు ‘జమ’ అరబ్బీ మాట, కూడుట అని అర్థము. జనులు కూడు శుక్రవారము జుమా, జనులు కూడు సంఘము జమాతు, జనులు కూడు మసీదు జామి. మంగళదాస్ మార్కెట్టు ప్రక్కనున్న జుమ్మా మసీదు ముందు నుండి ఇరువది యేండ్లుగా మూటలు మోయించుచు పోవుచున్నను, ఆ మసీదు పేరును మా చిట్టా పుస్తకములోని మాటయు ఒకే తల్లి బిడ్డలని మాకు తెలియదు. వసూలు, బాకీ, అసలు, తారీఖు, దళారి, వకీలు, హక్కు, జవాబు, రైతు, జిల్లా, ఇవియు అంతే. పారశీకపు కచేరీల మీదుగా మన యిండ్లలోనికి వచ్చినవి. తెలుగు వర్తకుడు అరబ్బీ లేకుండ అప్పు అడుగలేడు, ఇచ్చినది వసూలు చేసికొనలేడు!

వ్యాకరణము కంఠస్థమైనను భాష నోటికి రాదని వారిలోని పెద్దలే మొఱపెట్టిరి. 1898లో లక్నోలో ఆరంభమైన నద్వా వారి దారుల్ ఉలూము అరబ్బీని సజీవభాషగా నేర్పవలెనని పూనుకొన్నది. అక్కడి అబుల్ హసన్ అలీ నద్వీగారు బాలురకై సరళమైన అరబ్బీ వాచకములు వ్రాసిరి. మన తెలుగు నేల కూడ వెనుకబడలేదు. 1888లో హైదరాబాదున స్థాపింపబడిన దాయిరతుల్ మారిఫ్ వ్రాతప్రతులలోని అరబ్బీ గ్రంథములను పరిష్కరించి అచ్చొత్తించినది. అల్‌బిరూనీ భారతదేశమును గూర్చి వ్రాసిన గ్రంథమును 1958లో వెలువరించినది ఆ సంస్థయే. ఇటువైపు నుండి చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెలుగు చేసిరి. ఒక తెలుగు బ్రాహ్మణ పండితుడు ఆ పని చేయుట మనము మరువదగినది కాదు.

పుస్తకపు అరబ్బీ వేరు, వీధి అరబ్బీ వేరు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు పోవు మన వారిలో ఎందరో ఈ నగరము మీదుగానే పోయిరి. మన చాళ్లలో వారమేసి దినములు పండుకొని విమానము కొరకు వేచినవారు కలరు. వారు అక్కడ నేర్చినది మేస్త్రీల అరబ్బీ. మద్రసాలో పదేండ్లు చదివినవాడు ఆ అంగడిలో బేరమాడుటకు తడబడును; ఆ కూలివాడు కాగితముపై వ్రాసిన ఒప్పందము చదువలేడు. వ్రాతకును నోటికిని నడుమ ఇట్టి గోడ తెలుగున నిలువరాదనియే నేడు మనము స్మరించు గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు పోరాడిరి. (ఆయన జన్మదినమున ఈ ముసలి భాషలో ప్రసంగించుచున్నందుకు పెద్దలు మన్నింపవలెను, మాకు చదువు చెప్పిన పంతులుగారు నేర్పినది ఇదియే.)

ఇక మన యింటికి వత్తము. ఆ బాలికకు అక్షరమున్నది, అర్థము లేదు. మన బాలికకు అర్థమున్నది, అక్షరము లేదు. ఇంట అమ్మమ్మతో తెలుగున పోట్లాడును. అమ్మమ్మకు ఊరినుండి వచ్చిన శుభలేఖ చదివి వినిపింపలేదు. తెలుగు మాట వ్రాయవలసి వచ్చినచో ఫోనులో ఇంగ్లీషు లిపిలోనో, మరాఠీ బడిలో నేర్చిన దేవనాగరిలోనో వ్రాయును. ఆ దేవనాగరిలో హ్రస్వమైన ఎకార ఒకారములకు వాడుకలో చోటు లేదు. మెడ, మేడ రెండును ఒక్క తీరుననే వ్రాయబడును. తజ్వీదు గురువు ఇట్టి తప్పును ఒక్క దినము సహించునా?

వారి పని మనదానికంటె సులభమని ఎవరైన అనవచ్చును. కాదు. వారి పిల్లలు ఇంట వినని భాష లిపిని నేర్చుచున్నారు. మన పిల్లలు ఇంట వినుచున్న భాషకు లిపి మాత్రము నేర్వవలెను. సగము పని తల్లులు చేసి పెట్టినారు. చట్టమును అడ్డురాదు, రాజ్యాంగపు ముప్పదవ అధికరణము మతమును బట్టి అల్పసంఖ్యాకులైన వారికిని, భాషను బట్టి అల్పసంఖ్యాకులమైన మనకును విద్యాసంస్థలు నడుపు హక్కును ఒకే వాక్యమున నిచ్చినది. నగరపాలిక తెలుగు బడులను మనమే ఖాళీచేసి, పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపితిమి. బ్రదుకు తెరువు కొరకు పంపితిమి, అందు తప్పులేదు. మా పిల్లలును అక్కడనే చదువుచున్నారు. కాని ఆ మదన్‌పురా వర్తకుని కొడుకు కూడ ఇంగ్లీషు బడికే పోవుచున్నాడు!

హాఫిజ్ సాహెబును వెడలునప్పుడు ఒక మాట అడిగితిమి: “ఆదివారము మాత్రము పెట్టిన చాలదా?” ఆయన నవ్వి, “ఆరు దినములు మరచిపోవుటకు, ఒక దినము జ్ఞాపకము చేసికొనుటకా?” అనెను. జీతమెవరిత్తురని అడిగితిమి. పిల్లల తండ్రులు తలకింత నెల మొదట ఇత్తురట. లోటును మసీదు సంఘము పూడ్చునట. అది ఏమంత పెద్ద జీతము కాదు, ఆ సంగతి ఆయన ముఖమే చెప్పినది. అందులో మనము అనుకరింపరాదు.

కావున నిన్న కార్యవర్గములో నిర్ణయించినది ఇది. ఆదివారపు తరగతి ఉండదు. సోమవారము నుండి శనివారము వరకు సాయంకాలము ఆరు మొదలు ఏడు గంటల వరకు ఈ గదిలో తెలుగు అక్షరము. ఒక్కొక్క బిడ్డ పాఠము విడివిడిగా అప్పగించవలెను. నిన్నటిది రానిదే నేడు క్రొత్తది లేదు. శనివారము పాతపాఠము. వెళ్లిపోయిన పంతులమ్మగారి ఇంటికి మేము స్వయముగా పోయి క్షమాపణ చెప్పితిమి. ఆమె మూడు నెలల జీతము ముందుగా ఇచ్చిన వత్తుననిరి. ఆమె అడిగినది న్యాయమే. ఆ సొమ్ము ఈ ఉదయము చెల్లించి రసీదు తీసికొంటిమి. గణేశ చందాలో మిగిలిన దానికి మా వంతు కలిపి సరిపెట్టితిమి. లెక్క బల్లపై నున్నది, జమ ఖర్చులు చూచుకొనుడు.

గది తాళపు చెవి నేటి నుండి మా వద్ద నుండును. సోమవారము ఆరు గంటలకు తలుపు తెరచెదము. పిల్లలు పలక, బలపము తెచ్చుకొనవలెను.