హీరో బొమ్మ చూసి విత్తనం కొనవద్దు



విత్తనాల కొట్టు ముందు సినిమా హీరో బొమ్మ చూసి సంచి కొంటున్నాం. మనది నల్లరేగడో చెల్కో ఆయనకేం తెలుసు? ఆయనకిచ్చే సొమ్ము కూడా మనం కట్టే ధరలోనిదే. మొలక రాకపోతే ఆయన మన చేనుకు రాడు.

తప్పుదోవ పట్టించే ప్రకటనలో, నిజానిజాలు విచారించుకోకుండా నటించిన తారకూ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఆ జరిమానా మన చేతికి రాదు. నష్టపరిహారం మనమే అడగాలి. విత్తనం కొన్న రైతూ వినియోగదారుడేనని 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది.

అడగాలంటే రుజువు కావాలి. బిల్లు, లాట్ నంబరున్న సంచి, గుప్పెడు విత్తనం పంట ఇంటికొచ్చేదాకా దాచుకుందాం. బిల్లివ్వని కొట్టులో అసలు కొనవద్దు.