ఏరు తెచ్చిన కొయ్య

శ్రావణమాసము వచ్చినదనగా ఉరుకుంద త్రోవలన్నియు జనముతో నిండును. ఆదోని నుండియు, ఎమ్మిగనూరు నుండియు, తుంగభద్రకు ఆవలనున్న కన్నడసీమ నుండియు భక్తులు బస్సులలోను, ట్రాక్టర్లమీదను, కాలినడకను తరలివత్తురు. నరసింహస్వామిని ఈ ప్రాంతమువారు ఈరన్న యని పిలుచుకొందురు. మొక్కులు తీర్చుకొన్న పిమ్మట పెద్దలు అంగళ్ళవైపు నడతురు. పిల్లలు బొమ్మల అంగడి ముందు నిలిచిపోవుదురు. కార్యక్రమముల పనిమీద అక్కడికి పోయిన మేమును ఒక బొమ్మల అంగడి ముందు నిలిచితిమి. అందలి బొమ్మలన్నియు ప్లాస్టిక్కువే. కొయ్యబొమ్మ ఒక్కటియైనను మాకు కానరాలేదు.

మఱునాడు మంత్రాలయమువైపు తుంగభద్ర యొడ్డున నడచుచుండగా, ఇసుకలో సగము పూడిన కొయ్యముక్క ఒకటి కంటబడినది. మూరెడు పొడవు. ఒక కొన గుఱ్ఱపు మెడవలె వంగియున్నది. నీరు దాని బెరడునంతయు ఒలిచి, మూలలనన్నిటిని అరగదీసినది. ఎవరి ఉలియు తాకకయే అది సగము బొమ్మయై యుండెను. దానిని ఇంటికి తెచ్చుకొని, త్వరగా ఆరవలెనని మిద్దెమీద ఎండలో పెట్టితిమి. మూడవనాటికి మెడనుండి వీపువఱకు పగిలినది!

ఆదోనిలో ఒక వృద్ధ వడ్రంగికి దానిని చూపితిమి. ఆయన వ్రేలితో పగులును తడిమి, "నీళ్ళు తాగిన కట్టె సామీ ఇది. ఎండకు పెడితే పగుల్తాది. నీడన పెట్టాల. నెలలైనా పట్టనీండి, తొందర పడితే చెడిపోతాది" అని మందలించెను. మాకు తెలియని సంగతి అదియే. కొయ్య పైభాగము ముందుగా ఆరి ముడుచుకొనును. లోపలిభాగము ఇంకను తడిసియే యుండును. ఆ లాగుడుకు తాళలేక కొయ్య చీలును.

అయినను పగిలిన కొయ్య పారవేయదగినది కాదు. పగులును పూడ్చు విద్య మనవారికి చిరకాలముగా తెలిసినదే. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యను ఎంచుకొని, దానిలోని చెమ్మను సెగకు పోగొట్టి, అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. తుంగభద్రకు ఎగువను, కొప్పళ జిల్లాలోని కిన్నాళలో చిత్రగారులు గోనెపీలికలను నానబెట్టి, ఆరబెట్టి, పొడిచేసి, పొట్టుతోను చింతగింజల జిగురుతోను కలిపి, కొయ్యమీద పట్టించి, దేవతామూర్తులను తీర్చుదురు. మా గుఱ్ఱమునకు ఈ రెండు ఊళ్ళ విద్యయు అక్కఱకు వచ్చినది.

ఇంట ఈ పని చేయదలచిన శ్రోతలకు నాలుగు మాటలు. కొయ్యను గోటితో నొక్కి చూడవలెను. గోరు దిగినచో అది పుచ్చినదని తెలిసికొని విడిచిపెట్టవలెను. మంచి కొయ్యను కడిగి, సందులలోని ఇసుకను పుల్లతో తీసివేయవలెను. లేనిచో ఉలి పదును చెడును. నీడలో, గాలి తగులుచోట, పూర్తిగా ఆరనీయవలెను. పిదప దానిని నాలుగు ప్రక్కల త్రిప్పి చూచుచు, అందు నెమలి కలదో, ఏనుగు కలదో కనుగొనవలెను. కొయ్య చూపిన రూపమునకు మనము కొంచెము సాయపడుటయే యిక్కడి పని. మన యూహను దానిపై రుద్దినచో నీరు చేసిన చెక్కడము వృథాయగును. చింతగింజలను వేయించి, పొట్టుతీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించినచో జిగురు సిద్ధమగును. దానిలో రంపపు పొట్టు కలిపి పగుళ్ళు పూడ్చి, ఆరిన పిదప ఉప్పుకాగితముతో రుద్దవలెను. పైన తుమ్మబంక కలిపిన సుద్దపూత, దానిమీద రంగులు. ముందుగా ఎఱుపు, పసుపు వంటి వెడల్పుపూతలు వేసి, తరువాత సన్నని నల్లగీతలు దిద్దవలెను. కన్నులు కట్టకడపట వ్రాయవలెను. అంతవఱకు కొయ్యగా నున్నది అప్పుడు మనలను చూచును.

నీరు తెచ్చిన కొయ్యను పూజ్యముగా తలచుట మన దేశమున క్రొత్త కాదు. పూరీ జగన్నాథుని గాథలో సముద్రము ఒడ్డునకు చేర్చిన దారువే దేవుడైనది. నేడు ఆ మూర్తులను వేపకొయ్యతో చేసి, రంగులు దిద్దుదురు. 2015లో నవకళేబరోత్సవము జరిగి, పాతమూర్తుల స్థానమున క్రొత్తవి వెలసినవి. ఇక భూగోళమునకు ఆ కొనను, అలాస్కా పడమటి తీరమున, చెట్లు మొలవని మంచుబయళ్ళలో యూపిక్ జనులు యూకాన్ వంటి నదులు మోసికొనివచ్చిన దుంగలతోనే ముఖములు చెక్కి, రంగులు పూసి, శీతకాలపు నృత్యములలో ధరించెడివారు. అడవిలేని నేలకు ఏరే అడవిని తెచ్చి యిచ్చినది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. తుంగభద్ర శాంతముగా కనిపించు నదియే కాని, 2009 అక్టోబరులో మంత్రాలయమును, కర్నూలును ముంచినదియు ఆ నదియే. వరదలో దుంగలు పట్టుటకై నీటిలో దిగరాదు. నీరు తీసిన తరువాత ఒడ్డున మిగిలినదే మన పాలు. ఆ నియమమును పాటించినచో ఒక్క చెట్టునైనను నఱకక, ఒక్క ప్రాణమునకైనను ముప్పు తేక బొమ్మ సిద్ధమగును.

బొమ్మలు చేయుట ఒకరి సరదాయైనంత మాత్రమున కళ నిలువదు. చేసినవాని పొయ్యి వెలుగవలెను. ఈ సంగతిని ఎమ్మిగనూరు మనకు ఏనాడో నేర్పినది. మగ్గము కూడుపెట్టని కాలమున మాచాని సోమప్పగారు నేతగాండ్రను సహకారసంఘముగా కూడగట్టిరి. 1954లో పద్మశ్రీ గౌరవము పొందిరి. నేతకు జరిగినది బొమ్మకేల జరుగరాదు? ఉరుకుంద జాతరలో పది కొయ్యబొమ్మల అంగళ్ళు వెలసిననాడు, కొనుటకు పిల్లలు లేకపోరు. వారికి అట్టి బొమ్మను చూపువారే లేరు.

మా గుఱ్ఱము ఇప్పుడు ఇంటిలో రేడియోపెట్టె మీద నిలిచియున్నది. దాని మెడక్రింద, రంగును దాటి, సన్నని పగులు ఇంకను కనిపించుచునే యున్నది. దానిని మూయవలెనని ఇంటివారు అనుచున్నారు. మేము మాత్రము అట్లే యుంచితిమి. తొందరపడిన చేతికి ఏరు చెప్పిన పాఠము అది.